మొహంలో నాగలి కర్రు

(శ్రీకాకుళంలో ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఒక దంతవైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనకాల గోడ పక్కన కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, దాని గోలలో నా గొంతు నాకే వినబడటం లేదు.

ఇవాళ మన మొహంలోని ఎముకల గురించి చెబుతాను. ముందు ఈ సంచీ సంగతి చెప్పేస్తాను. ఇందులో పుర్రె ఉంది. కంగారు పడకండి, ప్లాస్టిక్‌ది. ఇందాక ఆమదాలవలస నుంచి బస్సులో వస్తుంటే పక్కనున్నావిడ సంచీ తడిమి, "ఏటమ్మా, కొబ్బరికాయలా?" అంది. అవునమ్మా అన్నాను. నిజం చెబితే నన్నూ దాన్నీ కలిపి దించేస్తారేమోనని భయం. (నవ్వులు)

దాన్ని తర్వాత తీస్తాను. ముందు ఇది చూడండి, చేతులు మార్చుకుంటూ వెనక్కి పంపండి. జాగ్రత్త, గుచ్చుకుంటుంది. వాలుగ చేప దవడ ఎముక. పొందూరు నుంచి తెప్పించాను. పొందూరు ఖద్దరు అనగానే మనకి సన్న నూలు గుర్తొస్తుంది, సన్నదనం లెక్కలో నూరో నంబరు అంటాం. కానీ అక్కడ కొండపత్తి రాట్నం దాకా వెళ్ళకముందే, గింజ కూడా తియ్యకముందే, ఆడవాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఈ దవడతో దువ్వుతారు. వేలితో మెల్లిగా రాసి చూడండి. ఎన్ని పళ్ళున్నాయో, ఎంత దగ్గరగా ఉన్నాయో! ఈ పళ్ళ మధ్య నుంచి లాగేసరికి పత్తిలో నలక అంతా రాలిపోయి, పోగులన్నీ ఒక వైపుకి తిరుగుతాయి. ముప్పై ఏళ్ళుగా దవడలతోనే నా బతుకు. సొంతదారు పోయాక కూడా పనికి వెళ్తున్న దవడని మాత్రం ఇదొక్కటే చూశాను.

సరే, ఇప్పుడు మన దవడ. సంచీ విప్పుతున్నాను.

పుర్రెలో మొత్తం 22 ఎముకలు. చెవి లోపలి చిన్నవాటిని ఇందులో కలపరు. 8 ఎముకలు మెదడుకి పెట్టె, 14 ఎముకలు మొహం. ఆ పద్నాలుగులో ఆరు జంటలు: పై దవడ, చెంప ఎముక, ముక్కుదూలం, కన్నీటి ఎముక, అంగిలి వెనక ఎముక, ముక్కు లోపలి శంఖం. రెండు ఒంటివి: కింది దవడ, ముక్కు మధ్య గోడలో ఉండే కర్రు. లెక్క అయిపోయింది. పరీక్షలున్న పిల్లలు రాసుకోండి, మిగతావాళ్ళు మర్చిపోయినా నష్టం లేదు. నేను మొదటి ఏడు వైవాలో చెంప ఎముకని ఒంటిదాని కింద చెప్పాను. మా మేష్టారు కోప్పడలేదు. "రెండో చెంప ఎక్కడ పెట్టి వచ్చావమ్మా?" అన్నారు. ఇంటికెళ్ళేదాకా రెండు చెంపలూ తడుముకుంటూనే ఉన్నాను.

వీటి పేర్లు విని పిల్లలు జడుసుకుంటారు. వోమర్, జైగోమా, కోంకా, కొరొనాయిడ్. ఏదో మంత్రం చదివినట్టుంటుంది. అర్థం తెలిస్తే మాత్రం మన పెరట్లోకి వెళ్ళినట్టే. వోమర్ అంటే లాటిన్‌లో నాగలి కర్రు. ఇదిగో, ముక్కు రంధ్రాల మధ్య అడ్డుగోడ ఉంది కదా, అందులో అడుగు భాగం. పలచగా, ముందుకి సాగి, అచ్చం దుక్కిలో దిగిన కర్రులా ఉంటుంది. జైగోమా గ్రీకు మాట, కాడి అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మన యుగం అన్న సంస్కృత మాటకీ దానికీ మూలం ఒకటే, యుగమన్నా కాడే. కోంకా అంటే శంఖం, అది కూడా మన శంఖానికి చుట్టమే. కొరొనాయిడ్ అంటే కాకి ముక్కులాంటిది. పేర్లు పెట్టినవాళ్ళు ఎక్కడివాళ్ళయినా చుట్టూ ఉన్నవి చూసే పెట్టారు. మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ముక్కుదూలం అన్నారు. ఇంటికి దూలం ఎక్కడుంటుందో అక్కడే ఉంది చూడండి, రెండు కళ్ళ మధ్య, పైకప్పు మోస్తూ.

కాడి అని ఎందుకన్నారో మీ మొహం మీదే చూపిస్తాను. అందరూ చెంప మీద చెయ్యి పెట్టండి. కంటి కింద గట్టిగా తగులుతున్నది చెంప ఎముక. అక్కడి నుంచి వేలు చెవి వైపు జరపండి. సన్నని కర్రలాంటిది తగులుతుందా? అదే కాడి. ఒక కొస మొహానిది, ఒక కొస కణత ఎముకది. మొహాన్నీ పుర్రెనీ అది జత కడుతుంది. దాని కింద ఖాళీ ఉంది. ఇప్పుడు రెండో చేతి వేళ్ళు కణత మీద పెట్టి పళ్ళు గట్టిగా కొరకండి. ఉబ్బింది కదూ! ఆ కండరం కణత మీద పుట్టి, కాడి కింద నుంచి దూరి, కింది దవడకున్న కాకి ముక్కుని పట్టుకుంటుంది. పళ్ళు కొరుక్కుంటూ నిద్రపోయేవాళ్ళకి పొద్దున్నే కణతలు నొప్పెందుకు పుడతాయో తెలిసిందా? చాలామంది దాన్ని తలనొప్పనుకుని మాత్రలు మింగుతుంటారు.

మొహంలో కదిలే ఎముక కింది దవడ ఒక్కటే. కడుపులో బిడ్డగా ఉన్నప్పుడు అది రెండు ముక్కలు. పుట్టాక ఒకటి రెండేళ్ళ లోపల గడ్డం దగ్గర అతుక్కుపోతుంది. ఇంత తేలిక సంగతి మీద వందల ఏళ్ళు తప్పు నడిచింది, తెలుసా? గేలెన్ అనే రోమన్ కాలపు వైద్యుడు జంతువుల్ని కోసి చదివి, మనిషి కింది దవడ కూడా రెండు ఎముకలే అని రాసిపెట్టాడు. పెద్దాయన రాశాడు కాబట్టి అందరూ అదే వల్లించారు. సుమారు 1200లో ఈజిప్టులో ఘోరమైన కరువొచ్చి జనం గుట్టలుగా చచ్చిపోతే, బాగ్దాదు నుంచి వెళ్ళిన అబ్దుల్ లతీఫ్ అనే పండితుడు ఆ ఎముకల గుట్టల్లో రెండు వేలకు పైగా పుర్రెలు చూశాడు. కింది దవడ ఒక్కటే, అతుకు లేదు అని రాశాడు. ఆ మాట యూరప్ దాకా చేరలేదు. చివరికి 1543లో వెసాలియస్ అనే వైద్యుడు తన పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించాల్సి వచ్చింది. కళ్ళెదుట ఎముక పెట్టుకుని కూడా పుస్తకంలో ఉన్నదే చెప్పే అలవాటు ఇప్పుడు పోయిందని మాత్రం నేననను. నా దగ్గరికొచ్చే విద్యార్థుల్ని చూస్తున్నాను కదా.

ఒంటి ఎముకే కానీ చేతి గాజు లాంటిది. గాజు విరిగితే ఒక్కచోట విరుగుతుందా? దవడా అంతే. గడ్డం మీద పడినవాడికి గడ్డం దగ్గర కుట్లు వేసి పంపించేస్తారు, అసలు విరిగింది చెవి ముందు కీలు దగ్గర ఉంటుంది. చిన్నపిల్లలు మెట్ల మీద గడ్డం కొట్టుకున్నాక నోరు సరిగ్గా తెరవకపోతే గడ్డం మీద గాయం మానింది కదా అని వదిలెయ్యకండి. వదిలేస్తే కీలు బిగుసుకుపోతుంది, ఆ పక్క దవడ ఎదగదు.

ఆ కీలు ఒక్కోసారి జారిపోతుంది కూడా. ఒకసారి రాత్రి పదకొండు దాటాక మా తలుపు కొట్టారు. పెళ్ళివారు. పెళ్ళికొడుకు మేనమామ ముహూర్తం కోసం మేలుకుని ఉండి, ఆవులించాడు. తెరిచిన నోరు మూతపడలేదు. సొంగ కారుతోంది, మాట రావటం లేదు, కళ్ళలో భయం. వెంట వచ్చినవాళ్ళలో ఒకాయన దయ్యం పట్టిందంటున్నాడు. కీలు గుండు తన గుంటలోంచి ముందున్న మిట్ట దాటి అవతల పడింది, అంతే. ఆయన్ని కింద కూర్చోబెట్టి, నా రెండు బొటనవేళ్ళకీ గుడ్డ చుట్టుకుని, వెనక దవడపళ్ళ మీద పెట్టి కిందికి నొక్కి వెనక్కి తోశాను. టక్కుమంది. గుడ్డ ఎందుకంటారా? కీలు గుంటలో పడగానే దవడ ఠపీమని మూసుకుంటుంది, వేళ్ళు నలిగిపోతాయి. ఆయన మొదటి మాట: "లగ్నం దాటిపోలేదు కదా?" (నవ్వులు)

ఇక పై దవడ. బయటికి బండలా కనబడుతుంది గానీ లోపల గుల్ల. చెంప వెనక ఒక్కో వైపు ఒక్కో గుహ, పెద్దవాళ్ళలో ఇంచుమించు 15 మిల్లీలీటర్లు పడుతుంది, మూడు టీస్పూన్లు. సైనస్, సైనస్ అని అందరూ తిట్టుకునేది దీన్నే. ఎవరైనా ఇల్లు కట్టుకుంటే నీళ్ళు పోయే తూము నేల మట్టానికి పెడతారు. దీనికి పైన, దాదాపు కప్పు దగ్గర ఉంది. నిలబడి ఉన్నంతసేపూ లోపల ఊరింది లోపలే. పడిశం పది రోగాల పెట్టు అన్నది ఊరికే కాదు. ఇంకో చిక్కు, వెనక పై పళ్ళ వేళ్ళు ఈ గుహ నేలకి తగిలేంత దగ్గరగా ఉంటాయి. అందుకే పన్ను చెడితే సైనస్ పట్టొచ్చు, సైనస్ పడితే బాగున్న పళ్ళు కూడా వరసగా సలపొచ్చు. పన్ను తీసేయండి తీసేయండి అని గొడవ పెట్టిన ఒకరిద్దర్ని వంగి కాలి బొటనవేళ్ళు చూడమన్నాను. వంగగానే సలుపు ఎక్కువైతే నేను పట్టకారు పక్కన పెట్టేసి, ముందు ముక్కు సంగతి చూస్తాను.

కన్నీటి ఎముక గురించి ఒక్క మాట. మొహంలో అన్నిటికన్నా చిన్నది, చిటికెన వేలి గోరంత. కంటి మూలన ఉంటుంది. దాని గాడిలోంచి కన్నీటి కాలవ ముక్కులోకి, ఇందాక చెప్పిన శంఖం కిందికి దిగుతుంది. పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు పైట చెంగుతో కళ్ళకన్నా ముక్కే ఎక్కువ తుడుచుకుంటాం కదా, అదీ కారణం.

హైవే మీద రోజూ మొహాలు పగులుతూనే ఉన్నాయి గనక ఇదీ చెప్పాలి. 1901లో లెఫోర్ అనే ఫ్రెంచి సర్జను శవాల తలల్ని రకరకాలుగా కొట్టి, నడి మొహం ఎక్కడబడితే అక్కడ పగలదని కనిపెట్టాడు. మూడు గీతల వెంటే పగులుతుంది. పళ్ళ పైన ఒకటి, ముక్కుదూలం నుంచి గోపురంలా ఒకటి, కళ్ళ మీదుగా మొహాన్ని పుర్రె నుంచి విడదీసేది ఒకటి. నేటికీ రిపోర్టుల మీద ఆయన పేరే రాస్తాం. మన కుర్రాళ్ళు పోలీసుల కోసం పెట్టుకునే టోపీ హెల్మెట్ నెత్తిని కాస్తుందేమో గానీ ఈ మూడు గీతల్నీ, గడ్డాన్నీ కాయదు. గడ్డం మూసేది కొనండి. అంతకన్నా చెప్పను, అందరికీ తెలిసిందే.

నేను అసలు మాట్లాడదామని వచ్చింది దీని గురించి. పుర్రెని ఇలా తిరగేస్తున్నాను. అంగిలి. నాలుక పైకెత్తి నోటి కప్పుకి తాకించండి. గట్టిగా ఉంది కదా? ముందు ముప్పాతిక వంతు పై దవడది, వెనక పావు అంగిలి ఎముకది. ఈ నాలుగు ముక్కలూ కలిసిన చోట కూడిక గుర్తులా గీతలు కనబడుతున్నాయి చూడండి. నాలుక ఇంకా వెనక్కి జరిపితే మెత్తబడుతుంది, అక్కడ ఎముక లేదు, దాని చివర కొండనాలుక. నోటికి ఇది కప్పు, ముక్కుకి ఇదే నేల. కర్రు దిగేది ఈ నేల మీదే. ఇక్కడి చర్మం ఎముకకి అంటుకుపోయి ఉంటుంది, మధ్యన జాగా లేదు. అంగిట్లో సూది వేస్తే ప్రాణం పోయినట్టుండేది అందుకే. మా మీద కోపం పెట్టుకోకండి.

ఈ కప్పు మొదటి నుంచీ ఉండేది కాదు. కడుపులో ఆరో ఏడో వారం దాకా నోరూ ముక్కూ ఒకే గది. రెండు పక్కల నుంచీ రెండు అరలు నాలుకకి అటూ ఇటూ వేలాడుతూ ఉంటాయి. నాలుక కిందికి జారగానే అవి అడ్డంగా లేచి, మధ్యలో కలుసుకుని, ముందు నుంచి వెనక్కి అతుక్కుంటూ పోతాయి. పన్నెండో వారానికి పని అయిపోతుంది. అతకకపోతే గ్రహణం మొర్రి. లోకం మొత్తం మీద రమారమి 700 కాన్పులకి ఒకటి ఉంటుంది, పెదవి మొర్రీ అంగిలి మొర్రీ కలిపి. గ్రహణం లేని దేశం లేదు గానీ, గ్రహణం రోజు కత్తిపీట పట్టుకోకూడదన్న మాటే వినని దేశాలు బోలెడు. అక్కడా ఇలాంటి పిల్లలు పుడతారు.

ఈ పేరు మీద నాకు కోపం. ఎందుకంటే పెదవి అతకడం ఏడో వారానికే తేలిపోతుంది. చాలామందికి అప్పటికి నెల తప్పిందన్న అనుమానం ఇంకా గట్టిపడదు కూడా. అయిదో నెలలో గ్రహణం వచ్చినా, ఏడో నెలలో వచ్చినా, "ఆ రోజు నువ్వు వంకాయ కోశావు" అని కోడల్ని అంటారు. కొడుకుని ఎవరూ అనరు. ఆ రోజు వంకాయ కూర తిన్నది మాత్రం అందరూ. (చప్పట్లు)

వద్దు, చప్పట్లు వద్దు, పని మాట వినండి. అలాంటి బిడ్డ పుడితే రొమ్ము పట్టి పీల్చలేదు, పాలు ముక్కులోంచి వస్తాయి. చేతకాని బిడ్డ అనుకోకండి. గొట్టంలో రంధ్రం ఉంటే నీళ్ళు పీల్చగలమా? తల ఎత్తి పట్టుకుని, ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పొయ్యాలి. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె ఉంది చూశారా, దానికి మించిన సాధనం లేదు. పెదవికి మూడు నెలలు దాటాక, అంగిలికి ఏడాది అటూ ఇటూ ఆపరేషన్ చేస్తారు. మాటలు వచ్చేలోగా కప్పు మూసెయ్యాలి, అదీ తొందర. ఆలస్యమైతే మాట ముక్కులోంచే అలవాటైపోతుంది.

అంగిలి అంటే మన జిల్లాకి ఇంకో సంగతి ఉంది. అడ్డపొగ. ఇక్కడున్న సగం మంది మొహాల్లో నవ్వు కనబడుతోంది, అంటే మీ ఇంట్లోనూ ఉందన్నమాట. తెలియని పిల్లలకి చెబుతాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. మా నాయనమ్మ తాగేది. కళింగపట్నం వైపు మా ఊరు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, నోట్లో నిప్పు పెట్టుకుని, చేతులతో చేపలు తోముతూ, మధ్యలో నన్ను తిడుతూ ఉండేది. కాలదా నాయనమ్మా అంటే, "ఏటే గుంటా, నోట్లో నిప్పు నాకేటి చేస్తాది? గాలికి ఆరిపోదు, నుసి గెంజిలో పడదు" అనేది. ఆవిడ లెక్క తప్పు కాదు. సముద్రపు గాలిలో చుట్ట బయట నిలవదు. రెండు చేతులకీ పని ఉన్న మనిషికి నుసి దులుపుకునే తీరికా లేదు. ఎవరో వెర్రివాళ్ళు మొదలుపెట్టిన అలవాటు కాదిది. కష్టం చేసే ఆడవాళ్ళు కనిపెట్టుకున్న సులువు.

రెండో సంవత్సరం చదువుతుండగా సెలవులకి వచ్చి, టార్చి వేసి ఆవిడ నోరు చూశాను. కప్పంతా తెల్లగా, ఎండిపోయిన చెరువడుగులా పగుళ్ళు తీసి, మధ్యమధ్యన ఎర్రటి చుక్కలు. అవి ఉమ్మి ఊరే గ్రంథుల నోళ్ళు, వేడికి వాచిపోయాయి. వేలితో తాకితే ఆవిడకి తెలియనే లేదు. అప్పటికే 1971లో ఒక అధ్యయనం వెలువడి ఉంది. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్ అనే నోటి వ్యాధుల నిపుణుడు, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే దంతవైద్యులు కలిసి మన జిల్లా పల్లెల్లో 10,169 మంది అంగిళ్ళు చూశారు. మన నాయనమ్మల నోళ్ళు ప్రపంచ పత్రికలకెక్కాయి. నేను చదివిన చోట ఆ కాగితం ఎవరూ చూపించలేదు. మిగతా దేశమంతా నోటి క్యాన్సర్ బుగ్గలోనో నాలుక మీదో వస్తుంది, ఎముకంటిన అంగిలికి రావడం అరుదు. అడ్డపొగ తాగేచోట అంగిలికే వస్తుంది. నిప్పు దాని కిందే కదా.

మా నాయనమ్మకి రాలేదు. ఎనభై దాటి బతికింది. ఆవిడ తోడికోడలికి వచ్చింది. అదే చుట్ట, అదే అరుగు. పుండు మానలేదు, కింద ఎముక తినేసింది. నోటి కప్పుకి రూపాయి బిళ్ళంత రంధ్రం పడింది. గెంజి తాగితే ముక్కులోంచి కారేది. మాట ఊఁ ఊఁ అని ముక్కుతో వచ్చేది, పిల్లలం నవ్వేవాళ్ళం, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ముందు నలుగురిలో తినడం మానేసింది. ఆ తర్వాత మాట్లాడ్డం మానేసింది.

ఇప్పుడు ఆపరేషన్ చేసి ఆ ఎముక తీసేస్తారు. తీశాక మిగిలిన రంధ్రానికి మేము అచ్చు తీసి, కట్టుడు పళ్ళ సెట్టు చేసే పదార్థంతోనే మూత చేస్తాం, ఆబ్చురేటర్ అంటారు. సులువుగా చెప్పాలంటే కప్పుకి ఇంకో పెంకు. నా చేతులతో చేసిన మొదటిది ఒక చేపల అమ్మకందారుకి పెట్టాను. అరగదీసి, పెట్టి, తీసి, మళ్ళీ అరగదీసి, మధ్యాహ్నం దాటింది. చివరికి గ్లాసుడు మజ్జిగ ఇచ్చి తాగమన్నాను. ఆవిడ పైట చెంగు ముక్కు కింద పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక గుక్క తాగింది. చెంగు వైపు చూసుకుంది. మళ్ళీ తాగింది. చెంగు తడవలేదు. అప్పుడు చెంగు వదిలేసి, గ్లాసు పూర్తిగా తాగేసి, "ఉప్పు తక్కువైనాది" అంది. ఉప్పు అన్న మాట ముక్కులోంచి కాకుండా పెదాల మీద పలికింది.

చుట్ట మానమంటే మానరని నాకు తెలుసు. మా నాయనమ్మ చేత నేనే మాన్పించలేకపోయాను. నేనడిగేది ఇంకొకటి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, నొప్పి లేకపోయినా సరే, నొప్పి లేకపోవడమే దాని దొంగతనం, ఎవరికైనా చూపించండి. అక్కడ ఎముక పలచన, పుండు లోపలికి దిగడానికి ఎక్కువ దూరం లేదు.

ప్రశ్నలుంటే అడగండి... ఏమ్మా? చుట్ట మామూలుగా తాగితే పరవాలేదా? పరవా ఉంది తల్లీ. అప్పుడు అంగిలి బదులు పెదవీ, ఊపిరితిత్తులూ కడతాయి పన్ను. ఇంకెవరు? బాబూ, పుర్రెతో సెల్ఫీ తర్వాత, ముందు ఆ వాలుగ దవడ ఎవరి దగ్గర ఆగిపోయిందో చూడు, అది పొందూరు వాళ్ళకి తిరిగి ఇవ్వాలి.

సరే. టార్చి తెచ్చుకున్నాను, చేతి తొడుగులూ ఉన్నాయి. వెనక పత్రికల గదిలో కిటికీ పక్కన కుర్చీ వేయమన్నాను. చూపించుకోవాలనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే రండి. ఆ మూల కూర్చున్న మామ్మగారిని ముందు రానివ్వండి. చుట్ట బయట పెట్టి రా మామ్మా, నీ చుట్ట నేను తియ్యనులే.